‘లో’ అంటే ‘ఇన్’ అని నేర్పడం మానాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

చదువుల కోసమో, పిల్లల దగ్గర కొంతకాలం ఉండి రావడానికో విదేశాలకు వెళ్లేవారికి పనికివచ్చేలా, ప్రయాణానికి సంబంధించిన ఇంగ్లీషు ఫ్రేజల్ వర్బులను (‘గెట్ ఆన్’, ‘పిక్ అప్’ వంటి, క్రియకు ఒక చిన్న మాట తోడై ఏర్పడే పదబంధాలను) మీ విద్యా పేజీలో తెలుగు అర్థాలతో ఇస్తున్నారు. పరీక్షలో మార్కుల కోసం కాకుండా స్టేషన్లో, విమానాశ్రయంలో, హోటల్ కౌంటరు ముందు నోరు తెరవవలసిన మనిషిని దృష్టిలో పెట్టుకుని ఇంగ్లీషు పాఠం రాయడం మన పత్రికల్లో అరుదు కాబట్టి, ముందుగా అభినందనలు. అయితే ఆ శీర్షిక పక్కనే ప్రతిసారీ ఒక చిన్న పట్టిక కూడా వేస్తున్నారు: ‘లో’ అంటే ఇన్, ‘మీద’ అంటే ఆన్, ‘దగ్గర’ అంటే ఎట్, ‘కి, కు’ అంటే టు, ‘నుంచి’ అంటే ఫ్రమ్. పైన చెప్పిన పాఠాన్ని ఈ పట్టికే చెడగొడుతోందన్నది ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించి రిటైరైన నా అభ్యంతరం. ఇది మీ పత్రిక కనిపెట్టిన పట్టిక కాదని తెలుసు. మన గైడ్లలో, కోచింగ్ నోట్సుల్లో, బడి నల్లబల్లల మీద తరతరాలుగా ఇదే ఉంది. అందుకే దీని గురించి కొంచెం వివరంగా రాయవలసి వస్తోంది.

తెలుగులో మాటకూ మాటకూ సంబంధం కలిపే పని విభక్తి ప్రత్యయాలది. అవి నామవాచకం తరువాత వస్తాయి. ఇంగ్లీషులో ఆ పని చేసే ప్రిపొజిషన్లు నామవాచకానికి ముందు వస్తాయి. స్థానం మారిందే తప్ప సరుకు ఒకటేనని మన విద్యార్థి అనుకోవడం సహజం. ‘పుస్తకం సంచిలో ఉంది’ వంటి వాక్యాల వరకు ఆ నమ్మకం చెల్లుతుంది కూడా. ప్రయాణం మొదలయ్యేసరికి చిక్కు వస్తుంది. ఎందుకంటే మనం ‘బస్సు ఎక్కాను’, ‘రైలు దిగాను’ అంటాం. ఆ వాక్యాల్లో బస్సుకు గానీ రైలుకు గానీ ప్రత్యయమే లేదు. పైకి, కిందికి అన్న దిక్కు ఎక్కడం, దిగడం అన్న క్రియల్లోనే ఇమిడి ఉంది. ఇంగ్లీషు ఆ దిక్కును క్రియ నుంచి విడదీసి, పక్కన ఒక చిన్న మాటగా నిలబెట్టి, క్రియ స్థానంలో ‘గెట్’ అనే, తనకంటూ గట్టి అర్థమేమీ లేని మాటను ఉంచుతుంది. తెలుగు వాక్యంలో లేని ప్రత్యయానికి పట్టికలో సమానమైన మాటను ఎలా వెతుక్కోవాలి?

దొరకనప్పుడు విద్యార్థి ఊహిస్తాడు. బస్సులో కూర్చుంటాం కాబట్టి ‘గెట్ ఇన్ ది బస్’ అంటాడు. బస్సుకు, రైలుకు, విమానానికి, ఓడకు ఇంగ్లీషులో వాడేది ‘గెట్ ఆన్’. కారుకు, ఆటోకు, టాక్సీకి ‘గెట్ ఇన్’ లేదా ‘గెట్ ఇన్‌టు’. లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగే పెద్ద వాహనమైతే ఆన్, తల వంచి లోపలికి దూరి కూర్చోవలసినదైతే ఇన్ అని చెబితే పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. సైకిలు, మోటారు సైకిలు, గుర్రం మీద కాళ్లు చెరోవైపు వేసి కూర్చుంటాం కాబట్టి మళ్లీ ఆన్. పడవల్లోనూ ఇదే తేడా: ఒరిగిపోతుందేమోనని చూసుకుంటూ కాలు పెట్టే చిన్న పడవకు ఇన్‌టు, మెట్లెక్కి పోయే లాంచీకి ఆన్. దిగేటప్పుడు కూడా ఈ జోడీ చెదరదు. ఆన్ అని ఎక్కినదాన్ని ‘గెట్ ఆఫ్’ అని దిగాలి. ఇన్ అని ఎక్కినదాన్ని ‘గెట్ అవుట్ అవ్’ అని దిగాలి (ఈ ‘అవ్’ సంగతి కింద చెబుతాను). ఇంత పనికివచ్చే సూత్రం చేతిలో ఉండగా, దాన్ని వదిలి ‘లో అంటే ఇన్’ అని అచ్చు వేయడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక్కడే ‘గెట్ డౌన్’ గురించి కూడా చెప్పాలి. ‘నెక్స్ట్ స్టాప్‌లో గెట్ డౌన్ అవుతాను’ అని మనవాళ్లు అననిదే బస్సు ప్రయాణం పూర్తికాదు. మన ‘దిగు’లో కిందికి అన్న భావం ఉంది కాబట్టి అది డౌన్ అయి కూర్చుంది, ఇతర భారతీయ భాషలవారూ ఇంగ్లీషులో ఇలాగే అంటారు. దీన్ని ఘోరమైన తప్పుగా చూపి పిల్లలను వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. మన దేశంలో ఒకరికొకరం మాట్లాడుకునేటప్పుడు అర్థానికి ఏ లోటూ రాదు. కానీ లండన్‌లోనో షికాగోలోనో బస్సు డ్రైవరుతో ఆ మాటంటే, చెట్టు మీది నుంచో నిచ్చెన మీది నుంచో దిగడం, లేదంటే తల దాచుకోవడానికి నేలకు వంగడం అతనికి ముందుగా స్ఫురిస్తాయి. ఈ రెండు సంగతులనూ పాఠకుడికి చెప్పి, ఎక్కడ ఏది వాడుకోవాలో అతనికే వదిలిపెట్టాలి. మీ శీర్షికలో దాన్ని ‘తప్పు’ అని ఎర్ర అక్షరాల్లో వేసి ఊరుకున్నారు.

‘కి, కు’ అంటే టు అన్న సమీకరణం ఇంతకన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. ‘హైదరాబాద్‌కు బయలుదేరాను’ అన్నది ‘ఐ యామ్ లీవింగ్ టు హైదరాబాద్’ అవుతోంది. ఇంగ్లీషుకు అక్కడ కావలసింది ఫర్. ‘లీవ్ ఫర్’, ‘సెట్ ఆఫ్ ఫర్’, ‘హెడ్ ఫర్’ అన్నవి మూడూ గమ్యం వైపు ముఖం తిప్పిన మనిషిని చూపిస్తాయి; చేరాడా లేదా అన్నది వాటికి పట్టదు. ‘గో టు’ అన్నప్పుడు మాత్రం టు వచ్చి ఆ గమ్యాన్ని అందిస్తుంది. ‘ఊరికి చేరాను’ అన్న వాక్యమైతే ఇంకా తమాషా: ‘రీచ్’కు ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు, ‘అరైవ్’కు ఎట్ గానీ ఇన్ గానీ కావాలి, ‘గెట్’కు టు కావాలి. అర్థం దాదాపు ఒకటే, తోడు వచ్చే మాటలు మూడు రకాలు. ‘రీచ్‌డ్ టు’ అన్న మాట మన విద్యార్థుల రాతల్లో అంత తరచుగా కనబడడానికి కారణం తెలుగులోని ‘కు’ తప్ప మరేమీ కాదు. ‘అరైవ్’ విషయంలో స్టేషను, విమానాశ్రయం, హోటలు వంటి ఒక చోటైతే ఎట్. నగరమో దేశమో అయితే ఇన్. ఇక ‘హోమ్’, ‘అబ్రాడ్’, ‘దేర్’ అన్న మాటల ముందు టు నిలవదు: ‘గో హోమ్’, ‘గో అబ్రాడ్’. ‘గోయింగ్ టు అబ్రాడ్’ అని పెద్ద అక్షరాలతో రాసిన కన్సల్టెన్సీ బోర్డులు మన పట్టణాల్లో కనబడుతూనే ఉంటాయి. వీసా ఇప్పిస్తామనేవాళ్ల బోర్డే అలా ఉంటే పిల్లవాడిని ఏమనగలం?

‘నుంచి’ కూడా ఇంతే. రైలు ఫలానా ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుందని చెప్పడానికి ‘లీవ్స్ ఫ్రమ్’ అనడం నూటికి నూరుపాళ్లు సరైనదే. మనిషి ఊరు విడిచి వెళ్లాడని చెప్పడానికి మాత్రం ‘లెఫ్ట్ హైదరాబాద్’ అంటే చాలు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. ఈ చిన్న మాటలన్నిటినీ మీ శీర్షిక ప్రిపొజిషన్లు అనే పిలుస్తోంది. పాఠశాల పుస్తకాల అలవాటు అదే కాబట్టి తప్పు పట్టను గానీ, ఫ్రేజల్ వర్బులో కనబడే చిన్న మాట చాలాసార్లు ప్రిపొజిషన్ కాదు, క్రియకు అంటుకున్న క్రియావిశేషణం. ఈ తేడా పండితుల గొడవ అనిపించవచ్చు. వాక్యంలో మాటల వరస దీని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి మాట్లాడేవాడికే దీని అవసరం ఎక్కువ. తమ్ముడు స్టేషనుకు వచ్చి నన్ను తీసుకువెళ్లాడని చెప్పాలంటే ‘హి పిక్‌డ్ మీ అప్’ అనాలి. ‘పిక్‌డ్ అప్ మీ’ అనకూడదు. సంచిని గురించైతే ‘పిక్ అప్ ది బ్యాగ్’ అన్నా ‘పిక్ ది బ్యాగ్ అప్’ అన్నా సరే. ‘ది బ్యాగ్’ స్థానంలో ‘ఇట్’ వచ్చిందంటే మాత్రం అది మధ్యలోకి పోయి తీరాలి. ‘సీ మీ ఆఫ్’, ‘డ్రాప్ హర్ ఆఫ్’ అన్నవీ అంతే. ‘గెట్ ఆన్ ది బస్’ దగ్గర ఈ వరస కుదరదు. అక్కడ ఆన్ నిజంగానే ప్రిపొజిషన్ కాబట్టి, బస్సు దాని వెనకే ఉండాలి. సర్వనామమైనా ‘గెట్ ఆన్ ఇట్’ అనే అనాలి.

ఈ రెంటికీ తేడా ఒకే మాటలో చూపించే మంచి ఉదాహరణ ‘టర్న్ ఆఫ్’. కారు ఇంజను ఆపమనడానికి ‘టర్న్ ఆఫ్ ది ఇంజిన్’ అంటారు. పెద్ద రోడ్డు వదిలి పక్కకు తిరగమనడానికి ‘టర్న్ ఆఫ్ ది మెయిన్ రోడ్’ అంటారు. చూడడానికి రెండూ ఒకే అచ్చు. ఇంజనును ‘టర్న్ ఇట్ ఆఫ్’ అనవచ్చు గానీ, రోడ్డును అలా అంటే దాన్ని స్విచ్చి నొక్కి ఆర్పమన్నట్టు అవుతుంది. తరగతిలో ఈ జంటను బోర్డు మీద రాసి, ఒక్కొక్కదానిలో ‘ఇట్’ను ఎక్కడ పెట్టగలమో పిల్లలచేతనే జరిపించి చూస్తే, వ్యాకరణ పరిభాష ఒక్క ముక్క చెప్పకుండానే సంగతి బోధపడుతుంది.

తప్పు చిన్నదైనా అర్థం బొత్తిగా మారిపోయే సందర్భాలకు మీ శీర్షిక ఎక్కువ చోటు ఇచ్చి ఉండవలసింది. విమానాశ్రయంలో అనుకోకుండా పాత స్నేహితుడు తారసపడితే ‘రాన్ ఇన్‌టు’ అంటారు. అదే ‘రాన్ ఓవర్’ అంటే అతని మీదుగా బండి పోనిచ్చామని అర్థం. అమెరికాలో పోలీసు వెనక దీపాలు వెలిగిస్తూ వస్తే చేయవలసింది ‘పుల్ ఓవర్’, అంటే బండి పక్కకు తీసి ఆపడం. అద్దె కారు తిరిగి ఇచ్చేముందు ట్యాంకును ‘ఫిల్ అప్’ చేయాలి. ఫారాన్ని మాత్రం బ్రిటిష్ వాడుకలో ‘ఫిల్ ఇన్’, అమెరికన్ వాడుకలో ‘ఫిల్ అవుట్’ చేస్తారు. మనం ఫారాన్ని కూడా ‘ఫిలప్’ చేస్తాం. ఎవరికీ అర్థం కాకపోదు. ఏ తప్పు మాట తీరుకు సంబంధించినదో, ఏ తప్పు ఎదుటివాడిని వేరే దారి పట్టిస్తుందో వేరు చేసి చెప్పకపోతే, పాఠకుడు అన్నిటికీ సమానంగా భయపడి చివరకు నోరే విప్పడు.

ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గరి ప్రశ్నల్లో ‘వేర్ విల్ యు బి స్టేయింగ్?’ అన్నది తరచుగా ఎదురయ్యేదే. కూతురి దగ్గరికి వెళ్తున్న తల్లి ఏమని చెప్పాలి? ‘దగ్గర’ అంటే ఎట్ అని పట్టిక చెబుతోంది. ‘ఎట్ మై డాటర్’ అంటే పొసగదు. మనిషి దగ్గరైతే ‘స్టే విత్ మై డాటర్’, ఆమె ఇల్లైతే ‘ఎట్ మై డాటర్స్ ప్లేస్’, ఊరైతే ‘ఇన్ డల్లస్’, హోటలైతే ‘ఎట్ ఎ హోటల్’. ఒక్క తెలుగు ‘దగ్గర’కు, ఒక్క ‘లో’కు ఇన్ని సమాధానాలున్నాయి. పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని వరసలో నిలబడిన అరవై ఏళ్ల మనిషికి వ్యాకరణం కన్నా ‘విత్ మై డాటర్, ఇన్ డల్లస్’ అన్న ఐదు మాటలు నోటికి రావడం ముఖ్యం. దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో పోయేవారికి ‘లేఓవర్’, ‘స్టాపోవర్’ అన్న మాటలు టికెట్టు మీద ఎదురవుతాయి. అంతర్జాతీయ ప్రయాణంలో మధ్య ఊళ్లో ఆగడం 24 గంటలు దాటితేనే దాన్ని సాధారణంగా స్టాపోవర్ అంటారు. విమానం మారడానికి పట్టే కొద్ది గంటలు లేఓవర్. మీ శీర్షిక రెంటికీ ‘మధ్యలో ఆగుట’ అన్న ఒకే అర్థం ఇచ్చింది.

ఫ్రేజల్ వర్బుల్లో చాలావాటిని మనం ఎప్పుడో తెలుగులోకి తెచ్చుకున్నాం, అదీ నామవాచకాలుగా. విమానం టేకాఫ్ అయింది, స్టేషన్‌లో పికప్ చేసుకున్నాం, హోటల్లో చెకిన్ అయ్యాం. తెలుగులో ఇవి ముద్దగా ఒకే మాట కాబట్టి, ఇంగ్లీషులో భూతకాలం చెప్పవలసి వచ్చినప్పుడు పిల్లలు ఆ ముద్ద చివరన ‘డ్’ తగిలించి ‘పికప్‌డ్’, ‘చెకిన్‌డ్’ అంటారు. కాలం మారేది క్రియలోనే కదా, చిన్న మాటలో కాదు: ‘పిక్‌డ్ అప్’, ‘చెక్‌డ్ ఇన్’, ‘టుక్ ఆఫ్’. ‘సెండాఫ్’ మరో రకం. మన ఆఫీసుల్లో రిటైరయ్యేవారికి ఇచ్చే వీడ్కోలుకు ఆ నామవాచకం ఇంగ్లీషులోనూ సరిపోతుంది. స్టేషనుకు వెళ్లి చుట్టాన్ని రైలెక్కించి రావడానికి మాత్రం ‘సీ ఆఫ్’ అనాలి. ‘సెండ్ ఆఫ్’ను క్రియగా వాడితే, ఫుట్‌బాల్ రిఫరీ ఎర్రకార్డు చూపి ఆటగాణ్ని బయటికి పంపినట్టు వినబడే ప్రమాదం ఉంది.

ఇక అచ్చు విషయం. ఇది పూర్తిగా మీ చేతిలో ఉన్నది. తెలుగు పత్రికలు ఒక ఎఫ్ ఉన్న ‘ఆఫ్’నూ రెండు ఎఫ్‌లున్న ‘ఆఫ్’నూ ఒకేలా రాస్తాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలోనిదీ టేకాఫ్‌లోనిదీ పాఠకుడి కంటికి ఒకటే. వార్తల్లో దీనివల్ల ఏ నష్టమూ లేదు. ఇంగ్లీషు నేర్పే శీర్షికలో మాత్రం ఇది గుంట తవ్వడమే. మీరు ‘గెట్ అవుట్ ఆఫ్ ది కార్’ అని వేశారు, పక్క వరసలోనే ‘గెట్ ఆఫ్ ది ట్రెయిన్’ అని వేశారు. ఆ రెండు ఆఫ్‌లూ వేరని తెలుసుకునే ఆధారం పాఠకుడికి ఎక్కడా లేదు. ఈ ఉత్తరంలో నేను ఒక ఎఫ్ ఉన్నదాన్ని, దాని ఉచ్చారణకు దగ్గరగా, ‘అవ్’ అని రాస్తున్నాను. ఇంకో మేలైన పద్ధతి మీకు తోస్తే అది పాటించండి, ఏదో ఒక తేడా మాత్రం చూపించండి. ఆ ఒక్క మాట ఉంటే ఒక అర్థం, లేకపోతే మరో అర్థం వచ్చే సందర్భాలు నిజంగానే ఉన్నాయి. ‘వి చెక్‌డ్ అవుట్ అవ్ ది హోటల్’ అంటే గది ఖాళీ చేశామని. అవ్ లేకుండా ‘వి చెక్‌డ్ అవుట్ ది హోటల్’ అంటే హోటలు ఎలా ఉందో చూసి వచ్చామని.

పట్టిక తీసేస్తే దాని బదులు ఏం ఇవ్వాలి అని మీరు అడగవచ్చు. తెలుగు సాయం లేకుండా నేర్పాలని నేను అనడం లేదు. ప్రత్యయాన్ని ప్రత్యయంతో కాక క్రియను క్రియతో జత చేయమంటున్నాను. ఫ్రేజల్ వర్బు వంటి నిర్మాణం మనకు కొత్తేమీ కాదు. ఇంగ్లీషులో చిన్న మాట క్రియ తరువాత వస్తే తెలుగులో దాని పని చేసే మాట క్రియకు ముందు వస్తుంది, అంతే. ‘సాగనంపు’ను చూడండి: చుట్టాన్ని వాకిలి దాటించి, వీధి చివరి దాకా వెళ్లి పంపించి రావడం అంతా అందులో ఉంది, ‘సీ ఆఫ్’కు అంతకన్నా తగిన తెలుగు లేదు. ‘డ్రాప్ ఆఫ్’కు ‘దిగబెట్టు’ ఉంది. బండి మీద తీసుకువెళ్లి ఇంటి దగ్గర దిగబెట్టాడు అని నేటికీ అంటూనే ఉన్నాం. ‘సెట్ ఆఫ్’కు ‘బయలుదేరు’, ‘టర్న్ బ్యాక్’కు ‘వెనుదిరుగు’. మీ శీర్షికలో ‘సీ ఆఫ్’కు ‘వీడ్కోలు పలుకుట’ అనీ ‘డ్రాప్ ఆఫ్’కు ‘విడిచిపెట్టుట’ అనీ ఇచ్చారు. రెండోదానిని చదివినవాడు ‘నన్ను విడిచిపెట్టు’ అనడానికి ‘డ్రాప్ మీ ఆఫ్’ అంటే తప్పు అతనిది కాదు.

అలాగే ఒక రోజు ‘ఆన్’తో వచ్చేవన్నీ, మరో రోజు ‘అప్’తో వచ్చేవన్నీ అని వర్గీకరించి ఇస్తున్నారు. దానికన్నా ఒక ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా నడిపించి, మాటలను అందులో వచ్చిన వరసలోనే చూపితే గుర్తుంటాయి. ఒక్క ‘గెట్’తోనే అది సాధ్యం. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు రైల్లో వస్తున్న అమ్మాయి ‘గెట్స్ ఆన్’ అని రైలెక్కుతుంది; ఆ రైలు సాయంత్రం ఫలానా వేళకు ‘గెట్స్ ఇన్’, అంటే స్టేషనుకు చేరుతుంది; అమ్మాయి ‘గెట్స్ ఆఫ్’ అని దిగుతుంది, ఆటోలోకి ‘గెట్స్ ఇన్‌టు’, హాస్టలుకు ‘గెట్స్ టు’; నగరంలో మెట్రో మీద ‘గెట్స్ అరౌండ్’, అంటే ఊరంతా తిరుగుతుంది; సెలవులకు ఇంటికి ‘గెట్స్ బ్యాక్’. ఇందులో ‘గెట్స్ ఇన్’ రైలుకు వాడితే చేరడం, అమ్మాయి ఆటోకు వాడితే ఎక్కడం అని సందర్భమే చెప్పేస్తుంది. ఏ పట్టికా చెప్పలేని సంగతి అది.

పరీక్షలు ఉన్నన్నాళ్లు ఖాళీలు పూరించే ప్రశ్నలు ఉంటాయి, వాటికి పట్టికే దగ్గరి దారి అని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అంటారు. ఆ దారి కూడా అక్కడికి చేరడం లేదు. ‘లెఫ్ట్ డాష్ ముంబై’ అని ఇచ్చినప్పుడు పట్టిక చదివినవాడు టు అనే పూరిస్తాడు. విదేశీ చదువులకు రాసే ఐఎల్టీఎస్‌లో అయితే ఖాళీలో ప్రిపొజిషన్ పెట్టమని అడగనే అడగరు. శ్రవణ పరీక్షలోని నాలుగు భాగాల్లో మొదటిది ఇద్దరు మనుషుల నిత్యవ్యవహార సంభాషణ, గది అద్దెకు తీసుకోవడమో ప్రయాణం ఏర్పాట్లు చేసుకోవడమో అక్కడ తరచుగా వచ్చే విషయాలు. మాట చెవిన పడిన క్షణంలో అర్థం కావాలి; పట్టిక తలచుకునే వ్యవధి ఉండదు.

కాబట్టి నా మనవి ఇది: శీర్షికను కొనసాగించండి, పక్కనున్న పట్టికను తీసేయండి. ఆ స్థలంలో వారానికి ఒక్క క్రియను తీసుకుని, ‘ఇట్’, ‘మీ’ వంటి సర్వనామం ఎక్కడ కూర్చుంటుందో చూపే రెండు పూర్తి వాక్యాలు వేయండి. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు లిపిలో ఇచ్చిన ప్రతిచోటా దాని కిందనే రోమన్ లిపిలో కూడా ఇస్తే, రెండు ఆఫ్‌ల గొడవ దానంతటదే తీరిపోతుంది. ఇప్పటికే అచ్చయిన భాగాల్లో ‘డ్రాప్ ఆఫ్’, ‘స్టాపోవర్’ అర్థాలకు సవరణ ప్రచురించవలసిందిగా కూడా కోరుతున్నాను. ఆ పేజీని కత్తిరించి దాచుకునే పాఠకులు ఉన్నారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆంగ్ల ఉపాధ్యాయుడు,
నరసరావుపేట